చీమూ నెత్తురూ

తెల్లకణానికి కాళ్ళు లేవు. అయినా గోడ దూకుతుంది.

డాక్టర్ గుబ్బల ఏడుకొండలు ఉద్యోగం మొదలుపెట్టిన నాటి నుంచీ ఆ దూకుడునే చూస్తున్నాడు. కుందేలు చెవిని సూక్ష్మదర్శిని కింద పెడితే, చెవిలోని సన్నటి రక్తనాళం తెర మీద కాలువంత అవుతుంది. ఎర్రకణాలు వరదలో తాటికాయల్లా కొట్టుకుపోతుంటాయి. తెల్లకణం అలా పోదు. గట్టు పట్టుకుని దొర్లుతుంది. దొర్లి దొర్లి ఒకచోట ఆగుతుంది. గోడలో సందు వెతుక్కుంటుంది. తలుపు సందులోంచి పిల్లి దూరినట్టు ఒళ్ళంతా సాగదీసుకుని అవతలి కండలోకి దిగిపోతుంది. ముల్లు దిగినచోటికి, సూక్ష్మజీవి చేరినచోటికి అలాగే వెళ్తుంది. చంపుతుంది, చస్తుంది. చచ్చినవాటి కుప్పనే జనం చీము అంటారు.

కాపలా దాని పని. కొందరి ఒంట్లో ఆ కాపలాకి మతి చెడుతుంది. కంచే చేను మేస్తుంది. కీళ్ళలోకి దూరి కీళ్ళని, ఊపిరితిత్తుల్లోకి దూరి ఊపిరితిత్తుల్ని తింటుంది. ఏడుకొండలు భార్య మంగతాయారుని తిన్నది అదే. ఆవిడ తమ్ముడు పెద్దిరాజు వేళ్ళని కొక్కేల్లా వంచేసింది కూడా అదే. ఆ ఇంటి రక్తంలోనే ఉంది ఆ జబ్బు.

భార్య పోయాక ఏడుకొండలు ఆ గోడకి గడియ కనిపెట్టాడు.

కంపెనీవాళ్ళు దానికేదో నోరు తిరగని పేరు పెట్టారు. ఏలూరు దగ్గర కాలవ గట్టున, పాత రైసుమిల్లుని బాగుచేసి కట్టిన ఆ ప్రయోగశాలలో మాత్రం అందరూ గడియ అనే అంటారు. రెండు వారాలకో ఇంజెక్షన్. మందు వెళ్ళి రక్తనాళాల గోడలకి లోపలివైపు పూతలా పట్టుకుంటుంది. ఇక తెల్లకణం ఎంత దొర్లినా ఆగడానికి పట్టు దొరకదు, దూరడానికి సందు దొరకదు. ప్రవాహంలో పడి పోవాల్సిందే. తెర మీద అవి అలా దారి దొరక్క పోతుంటే ఏడుకొండలుకి కడుపు చల్లగా ఉండేది. ఇప్పుడు తిను చూద్దాం, అనుకునేవాడు.

చుట్టుపక్కల జిల్లాల నుంచి నలభైమంది ఆ మందు వేయించుకోవడానికి ఒప్పుకున్నారు. అందరివీ బిగుసుకుపోయిన కీళ్ళు. ఏడాది తిరిగేసరికి అందరి వేళ్ళూ విచ్చుకున్నాయి. నరసాపురం నుంచి వచ్చే సరోజిని అనే లేసు అల్లే పిల్ల మళ్ళీ సూది పట్టుకుంది. మొదట అల్లిన గుండ్రటి లేసుముక్క తెచ్చి ఏడుకొండలు బల్ల మీద పెట్టి వెళ్ళింది. ఆయన దాన్ని మంచినీళ్ళ గ్లాసు మీద మూతగా వాడుకుంటున్నాడు. మెచ్చుకోవడం ఆయనకి చేతకాదు. మెచ్చుకోళ్ళు పుచ్చుకోవడం అంతకన్నా చేతకాదు.

మందుని పరీక్షించే నిపుణులు రావలసిన రోజు దగ్గరపడింది. వాళ్ళు సరేనంటే గడియ దేశమంతా వెళ్తుంది. వాళ్ళు వచ్చే ముందురోజు ఉదయం మెహరున్నీసా ఒక చచ్చిన కుందేలుని ట్రేలో పెట్టుకుని ఆయన గదిలోకి వచ్చింది.

మెహరున్నీసా గుంటూరు మనిషి, డాక్టరు. మందు వేయించుకున్నవాళ్ళ బాగోగులు చూసేదీ, చచ్చిన జంతువుల్ని కోసి కారణం చెప్పేదీ ఆవిడే. నసపెట్టకుండా మాట్లాడుతుంది. నిన్నటిదాకా మేత తిన్న కుందేలని చెప్పింది. బోను తీగ వెనక్కాలికి గుచ్చుకుందనీ, పైన చర్మం శుభ్రంగా ఉందనీ చెప్పి, కత్తితో ఆ కాలిని విప్పింది. లోపల కండ లేదు. బూడిదరంగు ముద్ద ఉంది.

"చీము చుక్క లేదు సార్" అంది. "వాపు లేదు. జ్వరం రాలేదు. చచ్చేదాకా బాగానే ఉంది."

"తెల్లకణాల కౌంటు?"

"చాలా ఎక్కువ. కానీ గడియ వేసిన ప్రతిదానికీ ఎక్కువే కదా. బయటికి దారిలేనివి లోపలే పోగుపడతాయి. అలవాటైపోయి ఎవరం పట్టించుకోలేదు."

ఏడుకొండలు ఆ ముద్దని చూస్తూ కూర్చున్నాడు. కుక్కని ఇంట్లో కట్టేసి గడియ పెట్టాం. దొంగ దొడ్లో పడ్డాడు. కుక్క లోపలే తిరుగుతోంది. ఇంట్లోవాళ్ళు అలికిడి లేదని హాయిగా పడుకున్నారు.

సొరుగులోంచి ఒక కాగితం తీశాడు. నలభైమందినీ ప్రతి వారం ఫోన్లో అడగమని ఆయనే రాసిచ్చిన ప్రశ్నలు. ఎక్కడైనా చీము పట్టిందా? వాచిందా? జ్వరం వచ్చిందా? ఏ వారం చూసినా అందరూ లేదు, లేదు, లేదు అనే చెప్పారు. మందు పనిచేస్తున్నంతకాలం మరో జవాబు రాదు. ఆ ముక్క మందు కనిపెట్టినవాడికే తట్టలేదు.

ఫోన్లో ప్రశ్నలొక్కటే ఉంటే ఈపాటికి ఎవరో ఒకరు పోయి ఉండేవారని మెహరున్నీసా అంది. ఇంజెక్షన్‌కి వచ్చినప్పుడల్లా ముందు గదిలో నర్సు ఒళ్ళంతా చూస్తుంది. గీరుకున్నా రాసుకున్నా వెంటనే కడిగి మందు వేస్తున్నారు. అందుకే అందరూ బాగున్నారు. ఒక్కరి ఒళ్ళు మాత్రం మొదటి నుంచీ ఎవరూ చూడలేదు.

"ఎవరది?"

మెహరున్నీసా కాస్త తటపటాయించింది. "పెద్దిరాజుగారు. ఆయన ముందు గుమ్మంలోంచి రారు కదా సార్."

ఎందుకు రాడో ఆ మిల్లులో అందరికీ తెలుసు. ఏడుకొండలు ముందు ఎవరూ అనరు, అంతే.

ఆరేళ్ళ కిందట మంగతాయారు హైదరాబాదు ఆసుపత్రిలో ఉండగా, మందులకి ఆవిడ మొహం వాచిపోతోందని బెంగపడి, పెద్దిరాజు అక్కని తన ఊరు తీసుకుపోయాడు. ఎవరో పసరు పోసేవాణ్ణి నమ్మాడు. ఆసుపత్రి మందులు మాన్పించాడు. నెల తిరక్కుండా ఆవిడ తమ్ముడి ఇంట్లోనే కన్నుమూసింది. పదకొండోరోజున ఏలూరులో, అయినవాళ్ళందరి ముందూ, ఏడుకొండలు వీధి అరుగు మీద నిలబడి, చీమూ నెత్తురూ ఉన్నవాడివైతే మళ్ళీ నా గుమ్మం తొక్కకు అన్నాడు. పెద్దిరాజు తల వంచుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ తొక్కలేదు.

తనకీ వేళ్ళు వంగిపోయాక అతను మందు కోసం వచ్చాడు. పేరు చూసి ఏడుకొండలు కాదనలేదు, అవుననలేదు. మెహరున్నీసాయే చేర్చుకుంది. బావ పనిచేసే చోటు కూడా బావ గుమ్మమే అని పెద్దిరాజు లెక్క వేసుకున్నాడు. మిల్లు వెనక, ఒకప్పుడు లారీలకి బస్తాలు ఎక్కించిన ఏటవాలు అరుగు ఉంది. దాని మీద కూర్చునేవాడు. నర్సు సిరంజి పట్టుకుని అక్కడికే వెళ్ళేది. ఆరుబయట చొక్కా విప్పమని, పంచె ఎత్తమని ఆవిడ ఎలా అంటుంది? సూది పొడిచి పంపేసేది. అతను నర్సులకి కాసిని రొయ్యలిచ్చి పోయేవాడు. ఏడుకొండలు మేడమీది కిటికీలోంచి చూసేవాడు. ఇంకా మాట మీదున్నాడు, అనుకునేవాడు. అలా అనుకోవడంలో ఆయనకో తృప్తి ఉండేది.

ఫోన్ చేశాడు. పెద్దిరాజు భార్య చంద్రమ్మ ఎత్తింది. ఆ ఇంటివాళ్ళ గొంతు విని ఆరేళ్ళయింది. రొయ్యల చెరువులో పట్టుబడి జరుగుతోందని, ఆయన గట్టు మీదున్నాడని చెప్పింది. ఒంటి మీద ఎక్కడైనా దెబ్బ తగిలిందా అని అడిగాడు.

"మొన్న చేతిలో రొయ్యముల్లు దిగిందండి అన్నయ్యగారూ. ఏం లేదండి. చీము కూడా పట్టలేదు" అంది. "అంతా మీ మందు చలవేనండి."

ఏడుకొండలు కారు తాళాలు తీసుకున్నాడు.

ఆకివీడు దాటాక రోడ్డుకి రెండువైపులా చెరువులే. పెద్దిరాజు చెరువు దగ్గర ఐసు లారీ ఆగి ఉంది. కూలీలు నడుంలోతు నీళ్ళలో వల లాగుతున్నారు. గట్టు మీద ప్లాస్టిక్ ట్రేలు, కాటా, కొనుగోలుదారు తాలూకు మనిషి. పెద్దిరాజు కుడిచేతికి పాలిథిన్ సంచి తొడుక్కుని, ఎడమచేత్తో రొయ్యల్ని ఎగదోస్తూ, కౌంటు ముప్ఫయ్యేనని, కిలోకి ముప్ఫై రొయ్యలే తూగుతున్నాయని వాదిస్తున్నాడు. కారు దిగినవాణ్ణి చూసి వాదన ఆపేశాడు.

"ఏంటి బావా, దారి తప్పేవా?"

"చెయ్యి చూపించు."

"ఆరేళ్ళకొచ్చి చెయ్యి చూపించమంటావేంటి? జాతకం చెప్తావా?"

కాటా మనిషి నవ్వాడు. ఏడుకొండలు నవ్వలేదు. తనే సంచి లాగేశాడు. బొటనవేలికి, చూపుడువేలికి మధ్య నల్లటి చుక్క. చుట్టూ చర్మం మైనంలా పాలిపోయి ఉంది. ఎరుపు లేదు. వాపు లేదు. బాగా ఆరిన గాయమని ఎవరైనా అనుకుంటారు. వేలు పెట్టి నొక్కాడు. లోపలికి దిగింది. వేలు తీశాక సొట్ట సొట్టలాగే ఉండిపోయింది.

నొప్పిగా ఉందా అని అడిగాడు. మొన్న ఉండేదనీ, ఇవాళ లేదనీ, తగ్గిపోతోందనీ పెద్దిరాజు చెప్పాడు. నొప్పి చెప్పే నరం చచ్చిపోయిందని ఏడుకొండలుకి అర్థమైంది. మణికట్టు పట్టుకున్నాడు. ఒళ్ళు చల్లగా ఉంది. నాడి మాత్రం పరుగెడుతోంది.

"మా అమ్మ అనేది బావా, చీము పట్టని ఒళ్ళు మారాజు ఒళ్ళని."

"మారాజు ఒళ్ళు కాదురా. కాపలా లేని ఒళ్ళు. కారెక్కు."

పట్టుబడి సగంలో ఉంది, సాయంత్రం వస్తానన్నాడు. సాయంత్రానికి నువ్వుండవని ఏడుకొండలు చెప్పాడు. పెద్దిరాజు ఆయన మొహంలోకి చూశాడు. ఈ మనిషి ఉత్తినే భయపెట్టే రకం కాదని అతనికి తెలుసు. అయినా కదల్లేదు.

"నీ గుమ్మం తొక్కను బావా. తొక్కొద్దన్నది నువ్వే. నాకూ చీమూ నెత్తురూ ఉన్నాయి."

ఆ మాట వెనక్కి తీసుకుంటే సరిపోతుంది. ఏడుకొండలు నోరు తెరిచాడు. మాట రాలేదు. ఆసుపత్రి మంచం మీంచి లేపి తీసుకుపోయిన మంగతాయారు గుర్తొచ్చింది.

"వెనక నుంచే రా" అన్నాడు.

పెద్దిరాజు కాళ్ళు కడుక్కుని కారెక్కాడు. ఫోన్ తర్వాత గట్టుకి వచ్చేసిన చంద్రమ్మ తడిచేతులు చీరకి తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చి వెనకసీటులో కూర్చుంది.

కాలవ గట్టు రోడ్డు మీద పోతుండగా ఏడుకొండలుకి ఒక ఊహ వచ్చింది. కారు నెమ్మదిగా పోనిస్తే చాలు. ఒక రైలుగేటు దగ్గర ఆగితే చాలు. ఎవరూ తప్పనరు. ఆరేళ్ళుగా వీడికి ఏం జరగాలని కోరుకున్నాడో అది తనంతట తనే జరిగిపోతుంది. ఆ ఊహని ఆయన తరిమెయ్యలేదు. పక్కసీటులో దాన్నీ కూర్చోబెట్టుకుని, కారు ఇంకా వేగంగా పోనిచ్చాడు. సగం దారిలో పెద్దిరాజు తేడాగా మాట్లాడటం మొదలుపెట్టాడు. రొయ్యకి కౌంటు తగ్గితే రేటు, మనిషికి కౌంటు పెరిగితే రేటా బావా అని అడిగి తనే నవ్వాడు. తర్వాత అక్క ఏదీ అన్నాడు. వెనక చంద్రమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

పాత మిల్లులో నాలుగు మంచాల గది ఉంది. పట్నం నుంచి సర్జనుని పిలిపించారు. ఆయన చేతిని కొంచెం కోసి చూశాడు. కత్తి ముద్దలోకి దిగినట్టు దిగింది. నెత్తురు సరిగా రాలేదు, చీము అసలే లేదు. కుళ్ళు బొటనవేలి మొదట్లోనే ఉన్నా, సూక్ష్మజీవులు మోచేతిదాకా పాకాయి. ఇలాంటిది తన సర్వీసులో చూడలేదన్నాడు. భుజం దగ్గర తీసేద్దామన్నాడు. తీసేసినా భుజం గాయానికి కాపలా ఎవరని ఏడుకొండలు అడిగాడు. సర్జను కత్తి ట్రేలో పెట్టేశాడు. సూక్ష్మజీవుల్ని చంపే మందులు ఎక్కిస్తూనే ఉన్నారు. అవి కుళ్ళుని నెమ్మదింపచేస్తున్నాయి, ఆపడం లేదు. చచ్చిన కండలోకి రక్తమే పోనప్పుడు మందు మాత్రం ఎలా పోతుంది?

మిగిలింది తాళంచెవి.

గడియతోపాటే దాన్నీ తయారుచేశారు. గోడల మీది పూతని ఊడదీసే మందు. రెండు కుందేళ్ళకి ఇచ్చి చూశారు. నెలలతరబడి రక్తంలో చిక్కుబడ్డ తెల్లకణాలన్నీ ఒక్కసారిగా ఒళ్ళంతా గోడలు దూకాయి. ఊపిరితిత్తులు నీటితో నిండిపోయాయి. పొడి బోనులో కూర్చుని ఆ రెండు కుందేళ్ళూ మునిగి చచ్చాయి.

ఇవ్వకపోతే పొద్దు గూకేలోగా పోతాడనీ, ఇస్తే ఇంకా ముందే పోతాడనీ మెహరున్నీసా తేల్చేసింది. తూము ఒక్కసారి పూర్తిగా ఎత్తితే గట్టే తెగిపోతుందంది.

ఏడుకొండలు కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. ఆయన ఊరి బళ్ళో ఐదో తరగతి చదివేటప్పుడు పక్కన కూర్చునే పిల్లవాణ్ణి పాము కరిచింది. మేష్టారు తన కండువా చింపి పిల్లవాడి తొడకి బిగించి కట్టారు. పిల్లవాడు బతకలేదు. పాముకాటుకి కట్టు కట్టకూడదని ఏడుకొండలు తర్వాత చదువుకున్నాడు, పదిమందికీ చెప్పాడు. కట్టడం మూఢత్వమని మేష్టారి మొహం మీదే అన్నాడు ఒకసారి.

"చెయ్యి కడదాం" అన్నాడు వెనక్కి తిరిగి.

సర్జను ఆయనకేసి వింతగా చూశాడు.

"విషం పైకి ఎక్కకుండా కాదు. తాళంచెవి పైకి పోకుండా. భుజం కింద పట్టీ బిగించి, కట్టు కింద మాత్రమే మందు ఎక్కిద్దాం. ఆ చేతి గోడలు మాత్రమే తెరుచుకుంటాయి. మిగతా ఒంటికి గడియ గడియలాగే ఉంటుంది."

మెహరున్నీసా ఆలోచించింది. మందు గోడలకి పూర్తిగా అంటుకునేదాకా కట్టు ఉంచాలి. అంతకన్నా ఎక్కువసేపు ఉంచితే చెయ్యే చచ్చిపోతుంది. ముందే విప్పితే మిగిలిన మందు ఒళ్ళంతా పాకుతుంది. కుందేలు కాలి మీద కూడా ఇలా చేసి చూడలేదు. పైగా తెరుచుకున్న చేతిలోకి పాత జబ్బూ దూకుతుంది. ఆ వేళ్ళు మళ్ళీ వంగిపోతాయి. ఇవన్నీ మంచంలో ఉన్న మనిషికి చెప్పే స్థితి లేదు. చంద్రమ్మకి చెప్పారు. ఆవిడ అంతా విని, మెహరున్నీసానీ సర్జనునీ వదిలేసి, ఏడుకొండలు వైపు తిరిగింది.

"అన్నయ్యగారూ, ఆయన మీద కోపంతో ఏం చెయ్యరు కదా?"

ఏడుకొండలు చేతికి తొడుగు వేసుకోవడం ఆపాడు.

"కోపం ఉందమ్మా" అన్నాడు ఏడుకొండలు. "పోలేదు. నా చేతిలోకి మాత్రం దాన్ని రానివ్వను."

ఆవిడ తలూపింది.

రక్తం వెనక్కి దిగడానికి పెద్దిరాజు చేతిని కాసేపు పైకెత్తి పట్టుకున్నారు. తర్వాత పట్టీ బిగించారు. చెయ్యి శవం చెయ్యిలా తెల్లబడింది. మణికట్టు నరంలోకి ఏడుకొండలే సూది గుచ్చాడు. కాపలా అంతా పట్టీకి అవతలే నిలిచిపోయింది. అరగంట ఎవరూ కుర్చీలో కూర్చోలేదు. పట్టీ నొప్పికి పెద్దిరాజు మూలుగుతూ ఎవర్నో తిట్టాడు. తననే అయి ఉంటుందని ఏడుకొండలు అనుకున్నాడు.

చిటికెనవేలి గోరు అంచు కింద సూక్ష్మదర్శిని అమర్చారు. అక్కడ చర్మం పల్చగా ఉంటుంది, రక్తనాళాలు కనబడతాయి. తెర మీద అవి ఎండిన పంటబోదెల్లా ఉన్నాయి.

సర్జను పట్టీ వదులు చేశాడు. కొంచెం. మళ్ళీ బిగించాడు. మళ్ళీ కొంచెం.

బోదెల్లోకి రక్తం వచ్చింది. ఎర్రకణాల వెంట తెల్లకణాలు వచ్చాయి. ఒకటీ రెండూ కాదు, తిరనాళ్ళకి వచ్చినట్టు వచ్చాయి. గట్టు పట్టుకుని దొర్లాయి. దొర్లుతూ తెర దాటి పోయాయి. ఇంకో గుంపు వచ్చింది. దొర్లింది, పోయింది. ఏడుకొండలు తెర మీదికి ఇంకా వంగాడు. తన మందు ఇంత గట్టిదని ఎప్పుడూ ఇంత బాధపడలేదు.

ఒకటి ఆగింది.

ఆగి, అక్కడే అటూ ఇటూ పొర్లింది. ఒక పక్క సన్నటి కొస చాచింది. ఆ కొస గోడలోకి పోయింది. వెనక ఒళ్ళు సాగుతూ, నొక్కుకుంటూ, నడుం దగ్గర దారమంత అయి, అవతలికి దిగింది. దాని పక్కన ఇంకోటి ఆగింది.

"దూకరా" అన్నాడెవరో. తనే అన్నాడని ఏడుకొండలుకి కాస్త ఆలస్యంగా తెలిసింది. తన భార్యని చంపినవాటిని, మనుషుల్ని పిలిచినట్టు పిలిచి, బతిమాలుతున్నాడు. "దూకండి."

అప్పుడే మంచం పక్క యంత్రం కూత పెట్టింది. ప్రాణవాయువు అంకె దిగుతోంది. కట్టు దాటి ఎంతో కొంత మందు ఒంట్లోకి పోయింది. పెద్దిరాజు దగ్గాడు. దగ్గులో గురక ఉంది. మెహరున్నీసా ఊపిరి గొట్టం చేతిలోకి తీసుకుంది. సర్జను పట్టీ బిగించి పట్టుకున్నాడు. అంకె ఇంకా దిగింది. చంద్రమ్మ గోడకి ఆనుకుని భర్త పాదాలకేసి మాత్రమే చూస్తోంది. అంకె ఒకచోట నిలబడింది. చాలాసేపు అక్కడే నిలబడింది. తర్వాత, దయతలచినట్టు, ఒక్కొక్కటే ఎక్కడం మొదలుపెట్టింది. సర్జను మెల్లగా పట్టీ పూర్తిగా విప్పాడు. మెహరున్నీసా గొట్టం ట్రేలో పెట్టేసి బయటికి వెళ్ళిపోయింది. కళ్ళు కడుక్కుని తిరిగొచ్చింది.

సాయంత్రానికి పెద్దిరాజు చెయ్యి కుండంత వాచింది. ఎర్రబడింది. ఒళ్ళు కాలిపోతోందని చంద్రమ్మ గాబరాపడి అరిస్తే నర్సులు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని నవ్వుకున్నారు. ఆ మిల్లులో ఏడాదిగా ఎవరికీ జ్వరం రాలేదు. పెద్దిరాజుకి తెలివొచ్చింది.

"నొప్పి బావా. తట్టుకోలేకపోతన్నాను."

"నొప్పెట్టనీ" అన్నాడు ఏడుకొండలు. కుర్చీ లాక్కుని మంచం పక్కన కూర్చున్నాడు.

మరునాడు పొద్దున్న గాయం మీది కట్టు విప్పితే చీము వచ్చింది. పచ్చగా, చిక్కగా, గదంతా కంపు కొట్టేలా వచ్చింది. మెహరున్నీసా దాన్ని ట్రేలోకి పట్టింది. సర్జను మాస్కు లోపల ఏదో దేవుడి పేరు తలుచుకున్నాడు. ఏడుకొండలు ట్రే తీసుకుని కిటికీ వెలుగులోకి పోయి, పెళ్ళివారు నగ చూసినట్టు చూశాడు.

నిపుణులు వచ్చే వేళకి ముందు కంపెనీ పెద్ద ఫోన్ చేశాడు. వెనకదారిన వచ్చి ఒళ్ళు చూపించుకోకపోవడం ఆ మనిషి తప్పనీ, అదే చెబితే సరిపోతుందనీ సలహా ఇచ్చాడు. అబద్ధం కూడా కాదన్నాడు. ఆ మనిషిని వెనకదారికి పంపినవాణ్ణి నేనేనని ఏడుకొండలు చెప్పి ఫోన్ పెట్టేశాడు. నిపుణుల ముందు కుందేలుని పెట్టాడు, తాను రాసిన ప్రశ్నల కాగితాన్ని పెట్టాడు. ఈ మందు ఆపేస్తున్నానన్నాడు. వాళ్ళు ఫలహారం చెయ్యకుండానే వెళ్ళిపోయారు.

మిగతా ముప్ఫైతొమ్మిదిమందికీ కొద్దికొద్దిగా, నెలలపాటు తలుపులు తెరవాలి. వేళ్ళు మళ్ళీ మూసుకుంటాయి. ఆ సంగతి ఫోన్లో చెప్పొద్దని, ఒక్కొక్కరినీ పిలిపించి తనే చెప్పాడు. సరోజిని అంతా విని, ఒళ్ళో ఉన్న లేసుపనిని ఎత్తి చూపించింది. పెళ్ళికూతురి ముసుగట. సగం అయింది.

"ఇది పూర్తయ్యేదాకా ఆగొచ్చాండీ?"

"ఆగకూడదమ్మా."

ఆ పిల్ల సూదిని లేసులోనే గుచ్చి, మడతపెట్టి, ఇంజెక్షన్‌కి చెయ్యి చాపింది. ఏడుకొండలు ఆ రోజు నుంచి గ్లాసు మీద ఆ మూత పెట్టలేదు. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

పెద్దిరాజుకి రెండు వేళ్ళు తీసేశారు. మిగిలిన మూడూ పాత కొక్కేల్లా వంగాయి. చెయ్యి మాత్రం ఉంది. మనిషి ఉన్నాడు. ఇంటికి పంపే రోజున చంద్రమ్మ సాయంతో వెనక అరుగు దాకా నడిచి, ఆటో కోసం ఆగాడు. ఏడుకొండలు మందులు చేతికిచ్చి ఎలా వాడాలో చెప్పాడు. పెద్దిరాజు విన్నట్టే విని, అసలు మాట బయటపెట్టాడు.

"బావా, పదకొండోరోజున నన్ను నలుగురిలో ఒక మాటన్నావు. చీమూ నెత్తురూ రెండూ నీ కళ్ళతో చూసేవు. ట్రేలో పట్టేవు కూడాను. ఇప్పుడేమంటావు?"

ఏడుకొండలు అతని చేతి కట్టు సరిచేశాడు. ముడి గట్టిగా ఉందో లేదో చూశాడు. క్షమించానని అంటే అబద్ధమవుతుంది. అబద్ధం ఆయనకి రాదు.

"ఆ మాట ఆ మాటే" అన్నాడు. "నా గుమ్మం తొక్కకు."

పెద్దిరాజు తలూపాడు. చంద్రమ్మ మొహం తిప్పుకుంది.

"కట్టు రోజూ మార్చాలి. పొద్దున్నే నేనే వస్తాను. నీ గుమ్మం తొక్కొద్దని నువ్వు నన్ను అనలేదుగా."

పెద్దిరాజు ఏదో అనబోయాడు. ఆటో వచ్చింది. చంద్రమ్మ పట్టుకోగా ఎక్కి కూర్చున్నాడు.

మరునాడు ఎండ ఎక్కకముందే ఏడుకొండలు ఆ ఊరు చేరాడు. మంగతాయారు పోయిన ఇల్లు అది. శవాన్ని వీధిలోకి తెచ్చేదాకా ఆనాడు ఆయన వీధిలోనే నిలబడ్డాడు. లోపలికి వెళ్ళలేదు, తర్వాతా వెళ్ళలేదు. ఆగిపోయిన పట్టుబడి తాలూకు ఖాళీ ట్రేలన్నీ తెచ్చి గుమ్మంలో పేర్చారు. తలుపు సగమే తెరుచుకుంటోంది. ఉండండి అన్నయ్యగారూ, తీయిస్తానని చంద్రమ్మ లోపల్నుంచి అంటోంది.

ఆయన గుమ్మం ముందు కాసేపు ఆగాడు. అటూ ఇటూ చూశాడు. మందుల సంచి ముందు చాచి లోపలికి పెట్టాడు. తర్వాత ఒళ్ళు పక్కకి తిప్పుకుని, ఊపిరి బిగబట్టి, ఆ సందులోంచి అవతలికి దిగాడు.